నాన్న కూర

పొద్దున్నే పొయ్యి రాజేస్తే కాసులమ్మకి రెండు కూరలు వండాల్సిన పని. మొదటిది భర్త ఢిల్లీరావుకి. కాయగూరలు కోసి ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మళ్ళీ ఉడికించి, ఉప్పు వెయ్యకుండా దించాలి. రెండోది మిగిలిన ముగ్గురికీ, అంటే అత్త ఎర్రమ్మకి, కూతురు యామినికి, తనకీ. ఢిల్లీరావుకి కిడ్నీలు దెబ్బతిన్నాయని కిందటేడు విశాఖపట్నంలో డాక్టర్లు తేల్చి, ఏం తినాలో ఏం తినకూడదో చెప్పి పంపిన దగ్గర్నుంచి ఇదే వరస. కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న ఉద్దానంలో అలాంటి వంటిళ్ళు చాలానే ఉన్నాయి కాబట్టి ఊళ్ళో ఎవరూ వింతగా చూడలేదు. ఆ మనిషికి మాత్రం కష్టంగానే ఉండేది. సొంత తోటలో దింపిన కొబ్బరి బొండాలు కూలీలు తాగుతుంటే, అవి కూడా తాగకూడని తాను పక్కకి తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకునేవాడు.

ఆ రోజు ఒక పొయ్యి మీద ఆనపకాయ ఉడుకుతోంది. రెండో పొయ్యి మీద నెత్తళ్ళ చేపల పులుసు. యామిని బడికి తయారై, రెండు జడలూ ముందుకి వేసుకుని పళ్ళెం ముందు కూర్చుంది.

"ఇయ్యాల కూడా నాకు నాన్న కూరే ఎయ్యమ్మా," అంది.

"పులుసు నీకోసమే ఒండినానే. అక్కుపల్లి నుంచి పొద్దున్నే తెచ్చినారు నెత్తళ్ళు."

"నాకొద్దు. నాన్న తిననిది నేనూ తినను."

గడప దగ్గర కూర్చున్న ఎర్రమ్మ కళ్ళు ఒత్తుకుంది. కన్నకూతురంటే అలా ఉండాలని, తన కొడుకు పూర్వజన్మలో ఏ పుణ్యమో చేసుకున్నాడని పొగిడింది. ఢిల్లీరావు కూతురి తల మీద చెయ్యి వేసి అలాగే కొంచెంసేపు ఉంచాడు. టీ బడ్డీ దగ్గర ఈ సంగతి ఆయన చెప్పని మనిషి లేడు. తన కోసం కూతురు ఉప్పు మానేసిందని, చేప మానేసిందని చెప్పుకునేవాడు.

కాసులమ్మకి కూడా మొదట్లో గర్వంగానే ఉండేది. ఈమధ్య ఎందుకో మనసు కుదురుగా ఉండడం లేదు. పిల్ల కూరే కాదు, అన్నమూ పిడికెడే పెట్టించుకుంటోంది. గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. తల దువ్వితే జుట్టు ఉండలు ఉండలుగా వస్తోంది. ఎదిగే వయసు కదా అని సర్దిచెప్పుకుంటోంది.

నిజానికి యామిని అన్నం మానేసింది నాన్న కోసం కాదు.

అది రెండువేల మూడో సంవత్సరం. వానాకాలంలో పదో తరగతి మొదలైన కొత్తలో, వాళ్ళ హైస్కూలుకి రెబెక్కా అనే టీచర్ వచ్చింది. టెక్కలి అమ్మాయి, ఉద్యోగానికి కొత్త. పొద్దున ఏమీ తినకుండా వచ్చి ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయే ఆడపిల్లల్ని చూసి ఆమె ఊరుకోలేకపోయింది. పోషకాహారం మీద శిక్షణ తీసుకుని, ప్రతి శనివారం మధ్యాహ్నం ఆడపిల్లలకి తిండి గురించి పాఠం చెబుతానని హెడ్మాస్టర్ని ఒప్పించింది. ఆకుకూరలు, గుడ్లు, పప్పులు, రాగులతో కాచే చోడి అంబలి, ఏది తింటే ఒంటికి ఏం వస్తుందో బొమ్మలు గీసి మరీ తెచ్చింది.

మొదటి శనివారం బరువులు చూసే యంత్రం తెప్పించి, ఒక్కొక్కరినీ ఎక్కించి, పేరుకెదురుగా బరువు నల్లబల్ల మీద రాసింది. అందరూ ఉండాల్సినదానికంటే తక్కువే. యామిని ఒక్కతే ఎక్కువ. ఆమె ఎక్కినప్పుడు వెనక నుంచి ఎవరో, "దిగే, అది ఇరిగిపోద్ది," అన్నారు. తరగతి మొత్తం నవ్వింది. రెబెక్కా నిశ్శబ్దంగా ఉండమని చెప్పి, బరువు ఎక్కువున్నవాళ్ళు అన్నం, నూనె, కొబ్బరి తగ్గించుకోవాలని ఒక్క మాట అని, తరవాతి పేరు పిలిచింది. ఆ తరవాత గంటసేపు మంచి పాఠమే చెప్పింది. యామిని చెవికి ఆ ఒక్క మాట తప్ప ఏదీ ఎక్కలేదు. గంట కొట్టేదాకా నల్లబల్ల మీద తన పేరు పక్కనున్న అంకెనే చూస్తూ కూర్చుంది.

అదే నెలలో యామిని మేనత్త, పెద్దతల్లి అనే ఆవిడ, తన కొడుకు వెంకటేష్‌ని వెంటబెట్టుకుని నౌపడ నుంచి వచ్చింది. భోజనాల దగ్గర, ఈ పిల్లని కోడలిగా తెచ్చుకుంటే ముందు గట్టి మంచం చేయించుకోవాలని హాస్యమాడింది. వెంకటేష్ తల దించుకుని నవ్వాడు. నాయనమ్మ నవ్వింది. వడ్డిస్తున్న కాసులమ్మ కూడా నవ్వింది. బడిలో పిల్లల నవ్వు కంటే, వెంకటేష్ నవ్వు కంటే, అమ్మ నవ్వే యామినికి గుచ్చుకుంది.

ఆ పిల్ల పట్టుదల మనిషి. అనుకుంటే మోకాళ్ళు చిట్లినా సైకిల్ దిగని రకం. సన్నబడాలనుకుంది, అంతే. మర్నాడు చేప వద్దంటే నాయనమ్మ ఎందుకని అడిగింది. నాన్న తినడం లేదు కదా అన్న మాట దానంతటదే నోటికి వచ్చింది. నాయనమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి లేకపోయింది. పైగా ఆ కూర తిన్నాక నాన్న చిక్కిపోవడం ఆమె కళ్ళారా చూసింది. తనూ చిక్కుతాననుకుంది. మధ్యాహ్నం క్యారేజీ అన్నం బడి వెనక కుక్కలకి పెట్టేది. చిక్కింది కూడా. కానీ అద్దంలో చూసుకుంటే ఆమెకి మాత్రం ఆ పాత యామినే కనిపించేది.

దీపావళి దాటాక ఒకనాడు ఎర్రమ్మ కోడల్ని పశువుల సాల దగ్గరికి పిలిచింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"నీ కూతురు బయట కూకొని ఎన్నాళ్ళయిందో సూసుకున్నావా?"

కాసులమ్మ గడ్డిమోపు కింద పెట్టింది. నెలసరి రోజుల్లో పిల్ల వసారాలో విడిగా పడుకోవడం ఆ ఇంటి ఆచారం. ఎప్పుడు పడుకుందో గుర్తు చేసుకోబోయింది. వినాయక చవితి ముందు సంగతే గుర్తొచ్చింది.

ఎర్రమ్మ ఇంకా చెబుతూనే ఉంది. సదువుకి పంపితే ఏం చేసిందో ఎవరికి తెలుసని, నాలుగు గోడల మధ్యే కనుక్కోమని, నలుగురికీ తెలిస్తే తన కొడుకు బతకడని అంది.

"నా కూతురు అలగాంటిది కాదత్తా," అంది కాసులమ్మ. అని లోపలికి వచ్చేసింది.

అయితే ఆమెని పట్టుకున్న భయం వేరు. ఢిల్లీరావు జబ్బు కూడా ఇలాగే మొదలైంది. ముందు అన్నం సయించలేదు. తరవాత మనిషి తగ్గిపోయాడు. తండ్రికి వచ్చింది కూతురికీ వచ్చిందేమోననుకుంది. ఎవరినీ సలహా అడగలేదు. పొద్దున్నే పిల్లని బడి మాన్పించి, రక్తపరీక్ష చేయించాలని భర్తకి చెప్పి, పలాస బస్సెక్కించింది.

అక్కడి ఆస్పత్రిలో ఆడ డాక్టరు రక్తమూ మూత్రమూ పరీక్షకి పంపింది. ఫలితాలు వచ్చేదాకా కాసులమ్మ బల్ల మీద కూర్చుని ఊరి దేవతలందరికీ మొక్కింది. పరువు గురించి ఆమె మొక్కుకోలేదు. కిడ్నీ ఒక్కటీ కాకుండా చూడమని మొక్కుకుంది.

డాక్టరు ముందు పిల్లతో విడిగా మాట్లాడి, తరవాత తల్లిని పిలిచింది. కిడ్నీలు బాగున్నాయని, గర్భం కూడా కాదని చెప్పింది. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందని, తిండి చాలక శరీరం ఆపుకోగలిగినవన్నీ ఆపేసుకుందని, నెలసరి అందుకే ఆగిందని వివరించింది. అప్పుడు కొంచెం మెల్లగా అడిగింది, "మీ ఇంట్లో తిండికి ఇబ్బందా అమ్మా?"

కొబ్బరితోటా జీడితోటా ఉన్న ఇల్లాలు తల అడ్డంగా ఊపింది. ఎందుకు తినడం లేదో కోప్పడకుండా కనుక్కోమని, మందులు వాడుతూ మళ్ళీ మళ్ళీ తీసుకురమ్మని చెప్పి డాక్టరు పంపించింది. తిరుగు బస్సులో యామిని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరు వచ్చేదాకా కాసులమ్మ ఆ సన్నటి మణికట్టు వదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి ఎర్రమ్మ గుమ్మంలోనే ఉంది. ఢిల్లీరావు నులకమంచం మీద లేచి కూర్చున్నాడు.

"నీ మనవరాలు ఏ తప్పూ సెయ్యలేదత్తా," అంది కాసులమ్మ చెప్పులు విప్పుతూ. "తిండి లేక ఎండిపోనాది. అంతే."

కిడ్నీలు బాగున్నాయని విన్నాక ఢిల్లీరావు పెద్దగా ఊపిరి పీల్చుకున్నాడు. మరుక్షణమే మొహం చేతుల్లో దాచుకున్నాడు. తన చప్పిడి కూర తినబట్టే పిల్ల ఇలా అయిపోయిందని, చూస్తూ చూస్తూ మురిసిపోయాడే గాని ఒక్కనాడైనా వద్దనలేదని, తన జబ్బు తనతో పోకుండా కూతుర్ని కూడా తినేస్తోందని ఏడ్చాడు. ఆయన ఏడవడం యామిని ఎప్పుడూ చూడలేదు. విశాఖపట్నం ఆస్పత్రిలో కూడా ఆయన ఏడవలేదు.

ఆ పిల్ల అది భరించలేకపోయింది.

"నీ మూలాన కాదు నాన్నా," అంది. "నేను నీకోసం మానలేదు. సన్నబడాలని మానేసినాను. అబద్దం సెప్పినాను."

తరవాత అన్నీ చెప్పేసింది. నల్లబల్ల మీద అంకె గురించి, అత్త మంచం మాట గురించి, కుక్కలకి పెట్టిన క్యారేజీ గురించి. ఆ కూర తిని నాన్న చిక్కాడు కాబట్టి తానూ చిక్కుతాననుకున్నానని చెబుతున్నప్పుడు మాత్రం తల ఎత్తలేదు.

ఢిల్లీరావు లేచి తోటలోకి వెళ్ళిపోయాడు.

కాసులమ్మ డాక్టరు చెప్పిన మాటలన్నీ మర్చిపోయింది. మనిషి చావుతో పోరాడుతుంటే ఆ జబ్బుని అడ్డం పెట్టుకుంటావా అని కూతురి మీద చెయ్యెత్తింది. యామిని తప్పుకోలేదు. తల్లి కళ్ళలోకి చూసింది.

"నువ్వు మాత్రం తింతన్నావేటమ్మా? అందరూ తిన్నాక గిన్నె అడుగున ఉన్నది తింతావు. లేకపోతే గంజి తాగి పడుకుంతావు. నువ్వు తినకపోతే ఊరంతా మంచి ఇల్లాలంతారు. నేను తినకపోతే తప్పయిపోనాదా? అత్త నన్ను అలగన్ననాడు నువ్వూ నవ్వినావు కదా."

ఎత్తిన చెయ్యి కిందికి దిగింది. కాసులమ్మ అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ రోజు నవ్వినట్టు కూడా ఆమెకి గుర్తు లేదు. ఆడపడుచు హాస్యమాడితే నవ్వాలి కాబట్టి నవ్వి ఉంటుంది. చిన్నప్పుడు తన తల్లి ఏం తినేదో తలుచుకుంది. అమ్మ పళ్ళెం ముందు కూర్చున్న జ్ఞాపకం ఒక్కటీ రాలేదు.

చీకటి పడకముందే ఢిల్లీరావు తిరిగొచ్చాడు. కాళ్ళు కడుక్కుని తిన్నగా వంటింట్లోకి నడిచాడు. పెళ్ళయ్యాక ఆ వంటింట్లో ఆయన చెయ్యి పెట్టింది లేదు. పళ్ళేలు రెండు తీసి, పొద్దుటి పులుసూ అన్నమూ పెట్టుకుని వసారాలోకి వచ్చాడు. ఒకటి కూతురి ముందు, ఒకటి భార్య ముందు పెట్టాడు. కాసులమ్మ లేవబోతే, కూకో అన్నాడు. తాను ఎదురుగా చతికిలబడి, చొక్కా చెయ్యి పైకి మడిచి కూతురికి చూపించాడు.

"ఈ సెయ్యి సూడు. ఒకప్పుడు పొద్దల్లా కొబ్బరికాయలు ఒలిసేది. ఇప్పుడు నీళ్ళ బిందె ఎత్తలేదు. నేను సన్నబడలేదు తల్లీ, అరిగిపోనాను. తిండి మీద ఆశ సచ్చి మానలేదు నేను. ఆ పులుసు వాసనొస్తే ఇప్పటికీ నోరూరుతాది. ఇంకొన్నాళ్ళు నిన్ను సూసుకోవాలని మానేసినాను."

యామిని కళ్ళు తుడుచుకుంది. అన్నం వైపు చూసింది. చెయ్యి ముందుకి రాలేదు.

"భయమేత్తంది నాన్నా."

"నాకూ భయమే. ఆ భయంతోనే నేను మానేసినాను. నువ్వు భయంతోనే తిను."

ఆమె నాలుగు ముద్దలు తినగలిగింది. అయిదోది గొంతు దిగలేదు. ఆయన బలవంతపెట్టలేదు. కాసులమ్మ తన పళ్ళెం ఖాళీ చేసింది. భర్త వడ్డించిన అన్నం తినడానికి ఆమెకి సిగ్గేసింది. అయినా కూతురు చూస్తోందని తిన్నది.

మర్నాడు ఆమె బడికి వెళ్ళింది. ఎర్రమ్మ వద్దంది. పిల్ల పేరు నలుగురి నోళ్ళలో పడుతుందని భయపెట్టింది. కాసులమ్మ ఆగలేదు. రెబెక్కా టీచర్ని వరండాలోకి పిలిచి, జరిగింది జరిగినట్టు చెప్పింది. గొంతు పెంచలేదు.

టీచర్ మొదట సమర్థించుకోబోయింది. తాను చేసింది తిండి లేని పిల్లల మంచికేనని, యామినిని తగ్గించమని ఒక్క మాటే అన్నానని చెప్పింది.

"నువ్వు మంచికే సేసినావు టీచరమ్మా, కాదనను," అంది కాసులమ్మ. "నువ్వు తినమని సెప్పినోళ్ళు ఎంతమంది తిన్నారో నాకు తెల్దు. మానమన్నది మాత్రం మా పిల్ల మానీసింది. పిల్లలందరి ముందూ దాని బరువు రాసినావు. మళ్ళీ ఎవరికీ అలగ రాయకు. నేనడగడానికొచ్చింది అదే."

రెబెక్కా సరేనని తలూపింది. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక తానే బస్సు దిగి వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. యామిని పక్కన కూర్చుని, తప్పు చేశానని సూటిగా చెప్పింది. తరగతిలో అందరికంటే యామిని పొడుగని, ఎత్తు కొలవకుండా బరువు రాసేశానని, ఆ ఎత్తుకి ఆ బరువు పెద్ద ఎక్కువేమీ కాదని చెప్పింది. ఒకవేళ ఎక్కువే అయినా పదిమంది ముందు రాసే హక్కు తనకి లేదంది. ఎదిగే పిల్లకి ఎముకలకి, రక్తానికి ఏం కావాలో మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి కాసులమ్మ కూడా కూర్చుని విన్నది. ఎర్రమ్మ చెవులు అటే పెట్టి బియ్యం ఏరింది.

ఆ తరవాతి శనివారాల్లో రెబెక్కా బరువుల యంత్రాన్ని పక్క గదిలోకి మార్చింది. ఎవరి బరువు వారికే చెప్పేది. తల్లుల్ని కూడా పిలిపించింది. రాత్రి మీరేం తిన్నారని వచ్చినవాళ్ళని అడిగితే, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిగిలింది తిన్నామని కాసులమ్మే ముందు చెప్పింది. మిగతావాళ్ళు తలలూపారు. వెనక బెంచీలో ఉన్న ఆడపిల్లలు నవ్వలేదు.

యామిని ఒక్కరోజులో మారిపోలేదు. కొన్ని రోజులు కడుపునిండా తినేది, కొన్ని రోజులు పళ్ళెం తోసేసి గదిలోకి పోయేది. అలాంటప్పుడు కాసులమ్మ కోప్పడకుండా, తన పళ్ళెమూ మూతపెట్టి, పిల్ల బయటికి వచ్చేదాకా కూర్చునేది. ఆకలి తట్టుకోలేక ఒకసారి ఎర్రమ్మే వెళ్ళి మనవరాలి తలుపు కొట్టింది. ఆ ఇంట్లో ఇప్పుడు నలుగురూ ఒకేసారి తినాలి. ఆడవాళ్ళు మగవాళ్ళతో సమానంగా పీటేసుకుని కూర్చోవడమేమిటని ఎర్రమ్మ మొదట్లో సణిగింది. తన పళ్ళెంలోకి వేడి అన్నం రావడం మొదలయ్యాక సణగడం తగ్గింది. పెద్దతల్లి మళ్ళీ వచ్చినప్పుడు, పిల్ల చిక్కి అందంగా తయారైందని మెచ్చుకోబోతే, మా పిల్ల ఒంటి గురించి మా ఇంట్లో ఎవరమూ మాట్లాడుకోమని కాసులమ్మ చెప్పింది. నవ్వకుండా చెప్పింది.

మాఘమాసంలో ఒక పొద్దున యామిని వసారాలో విడిగా చాప వేసుకుని పడుకుంది. కాసులమ్మ అత్తకి ఆ సంగతి చెప్పింది. ఎర్రమ్మ, సాల దగ్గర తానన్న మాట పిల్లకి ఎప్పుడూ చెప్పొద్దని కోడల్ని బతిమాలుకుంది.

జీడిపిక్కల కాలం వచ్చింది. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఒకనాడు పొద్దంతా తోటలో పిక్కలేరి వచ్చి అందరూ మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. ఢిల్లీరావుకి ఆయన కూర. మిగిలినవాళ్ళకి కోనాం చేప పులుసు. కాసులమ్మ అత్తకి ఒక ముక్క వేసింది, కూతురికి పెద్ద ముక్క వేసింది. తన అన్నంలో పులుసు మాత్రం పోసుకుంది. ఆ పని ఆమె తెలిసి చేసింది కాదు. చేతికి అలవాటైపోయింది.

యామిని తినడం ఆపి చూసింది. గిన్నె తన వైపు లాక్కుని, గరిటెతో ఒక ముక్క తీసి తల్లి పళ్ళెంలో పెట్టింది.

నాకొద్దే అన్న మాట కాసులమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా కూతురు గరిటె పట్టుకుని అలాగే చూస్తోంది. ఢిల్లీరావు కూడా చెయ్యి ఆపి చూస్తున్నాడు. కాసులమ్మ ఆ మాట మింగేసింది. ముక్క విరిచి, అన్నంలో కలుపుకుని నోట్లో పెట్టుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే నమిలింది.

అప్పుడు యామిని గిన్నెలోకి మళ్ళీ గరిటె ముంచి, తన పళ్ళెంలో వేసుకుంది.